నిండుకున్న బియ్యం

రెండు వార్తలూ నాకు మా ఆడబిడ్డే తెచ్చింది. మొదటిది నవ్వుకుంటూ తెచ్చింది. రెండోది చెప్పేటప్పుడు నా మొహం చూడలేక ఫోన్‌నే చూస్తూ ఉండిపోయింది.

మొదటి వార్త తెచ్చిన రోజు ఆమె పాలమూరు బస్సు దిగి, సంచీ కూడా కింద పెట్టకుండా నేరుగా వంటపాకలోకి వచ్చింది. పాలమూరులో ఆమె ఒక కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు పాఠాలు చెబుతుంది. మా పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చుని, ఫోన్ నా ముందు పెట్టింది.

"వదినా, ఇగ మన వెబ్‌సైట్ అన్ని భాషలు మాట్లాడుతది. సూడు."

ఒక మీట నొక్కింది. నేను రాసిన తెలుగు అక్షరాలు మాయమై, నెత్తిన గీతలున్న హిందీ అక్షరాలు వచ్చాయి. ఇంకోటి నొక్కితే ఇంగ్లీషు. ఇంకోటి నొక్కితే గుండ్రంగా మనవాటిలాగే ఉండి మనవి కాని కన్నడ అక్షరాలు. పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్న మా వంటక్క మెడ చాచి చూసింది.

"అయితే నా మొఖం గూడ హిందీల మారుతదా?" అంది.

"నీ మొఖం ఏ భాషల పెట్టినా గంతే అక్కా" అంది మా ఆడబిడ్డ. ముగ్గురం నవ్వుకున్నాం. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. అది సరిగ్గా చెబుతోందో లేదో ఎవరు చూస్తారని అడిగాను.

"మిషన్ తప్పు చెప్పది వదినా. నువ్వు తెలుగు మంచిగ రాయి. మిగిలింది అదే సూసుకుంటది."

ఆ మాటతో నేను నిశ్చింతగా ఉండిపోయాను. మంచిగా రాయడం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

మా వంటపాక గురించి రెండు మాటలు చెప్పాలి. నకిరేకల్‌లో హైవే పక్కన దవాఖాన ఉంది. రోగులకు లోపల తిండి దొరుకుతుంది. వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు చెట్టు కింద కూర్చుని బిస్కెట్లు తింటూ ఉంటారు. మా భజన బృందంలోని ఆడవాళ్ళం కొందరం కలిసి, రేకుల పాక వేసుకుని, మధ్యాహ్నం పూట వాళ్ళకు అన్నం, పప్పు పెట్టడం మొదలుపెట్టాం. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి. దేవుడి దయ వల్ల ఒక్క పూట తప్పకుండా నడిచింది. హైవే కాబట్టి మా దగ్గర తినేవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. లారీల వాళ్ళు, మిల్లుల్లో పనికి వచ్చిన వాళ్ళు, బస్సు ప్రమాదాల్లో బంధువుల కోసం ఎక్కడెక్కడి నుంచో పరుగెత్తుకొచ్చిన వాళ్ళు. ఇళ్ళకు వెళ్ళాక వాళ్ళు మమ్మల్ని మరిచిపోలేదు. మా బాగోగులు తెలుసుకోవాలనుకునేవారు. వాళ్ళ కోసమే మా ఆడబిడ్డ వెబ్‌సైట్ పెట్టింది. అందులో రాసే పని నాకు అప్పజెప్పారు.

నేను బడికి వెళ్ళలేదు. మా బాపు గొర్రెల వెంట పోయేవాడు. మేత ఎక్కడుంటే అక్కడికి, మోత్కూర్ దిక్కు నుంచి మూసీ ఒడ్డు దాకా, మేమూ వెంట పోయేవాళ్ళం. మా అమ్మకు భజనల్లో పాడీ పాడీ చదువు అబ్బింది. ఆమే చాటలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. తప్పు పోతే చాట ఒకసారి కుదిపేది. అక్షరం చెరిగిపోయేది. మళ్ళీ రాయాలి. ఆ చదువుతోనే పురాణాలు చదివాను. అందుకు ఇప్పటికీ పొద్దున లేవగానే అమ్మకు దండం పెట్టుకుంటాను.

అక్షరాలతో పాటు అమ్మ ఇంకొకటి నేర్పింది. ఒకసారి పక్కింటామె చేబదులుకు వస్తే, నేను గడప దగ్గర నిలబడి "బియ్యం లేవు" అన్నాను. అమ్మ లోపలి నుంచి వచ్చి నా మూతి మీద ఒక్కటి వేసింది.

"లేవు అనొద్దు బిడ్డా. ఇల్లు ఇంటది."

మరి ఏమనాలి అని ఏడుస్తూ అడిగాను.

"నిండుకున్నయి అనాలె."

ఇది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన మర్యాదే. కుండ ఖాళీ అయితే నిండుకుంది అంటాం. దీపం ఆరితే కొండెక్కింది అంటాం. ఇప్పటి పిల్లలు "అయిపోయినయి", "ఒడిసినయి" అనేస్తారు. నేను అనలేను. నా నోటి నుంచి ఆ మొండి మాట రాదు.

ఇప్పుడు అతని సంగతి చెప్పాలి.

అతను కోత మిషన్ నడిపేవాడు. ఉత్తరాది మనిషి. వరి కోతలకు ఏటా మిషన్లతో పాటు వచ్చే వాళ్ళలో ఒకడు. ఒక ఏడాది మా ఊరి పక్క పొలాల్లో కోస్తుండగా అతని తమ్ముడి కాలు మిషన్‌లో పడి నలిగింది. తమ్ముడు దవాఖానలో ఉన్నన్ని రోజులూ ఇతను మా దగ్గరే తిన్నాడు. మొదటి రోజు సిగ్గుపడి, చివరి పంక్తిలో, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వంటక్క కసురుకుంది.

"ఇటు దిరుగు కొడుకా. గోడకు పెడుతున్ననా అన్నం?"

అతనికి ఆ మాటలు అర్థం కాలేదు కానీ గొంతు అర్థమైంది. తిరిగి కూర్చున్నాడు. నాలుగు రోజులయ్యేసరికి మా తెలుగు పట్టేశాడు. అయితే వస్తువులన్నిటినీ మనుషుల్ని చేసేవాడు.

"దీదీ, పప్పు మంచిగ ఉన్నడు" అనేవాడు. "అన్నం ఇంక రాలేదా, ఎక్కడ పోయిండు?"

నన్ను దీదీ అని పిలిచేవాడు. నేను తమ్ముడూ అనేదాన్ని. తమ్ముడి కాలు నయమై ఇద్దరూ వెళ్ళిపోతూ, ఇద్దరూ పొయ్యికి మొక్కారు. నాకు కాదు, పొయ్యికి. అది నాకు బాగా నచ్చింది.

ఆ తరువాతి కోతల నుంచి అతను చేసిన పని ఇది. హాలియా దిక్కు కాలువ కింది పొలాల్లో ఎక్కడ కోసినా, కోత అయ్యాక ఆ రైతును అడిగేవాడట: దవాఖాన దగ్గర ఒక దీదీ అన్నం పెడుతుంది, ఆమెకు కాసిన్ని వడ్లు ఇవ్వమని. రైతులు ఇచ్చేవారు. అన్నీ పోగుచేసి, మిల్లులో పట్టించి, ట్రాలీ ఆటోలో బస్తాలు తెచ్చి దింపేవాడు. కోత కోతకూ వచ్చేవాడు. మేము ఏనాడూ అతన్ని ఏమీ అడగలేదు.

మా వంటపాకలో ఒక అలవాటు ఉంది. సాయంత్రం గిన్నెలు బోర్లించాక చిన్న దీపం పెట్టి, మాకు బియ్యం ఇచ్చినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా పైకి చెప్పి దండం పెడతాం. ఇచ్చినవాడి పేరు దేవుడికి చెప్పకుండా అన్నం వండకూడదని నా పట్టుదల. అతని పేరు ఆ వరుసలో మొదట చెప్పేదాన్ని.

ఆ ఏడు శ్రావణంలో బియ్యం అడుగంటాయి. ఊళ్ళో అందరిదీ అదే పరిస్థితి. నాట్లు పడ్డాయి కానీ కోతకు చాలా దూరం. వంటక్క డబ్బా వంచి చూపించింది.

"ఒడిసినయమ్మా. రేపటికి జొన్న గటకనే."

నేను వెబ్‌సైట్‌లో రాయాలని కూర్చున్నాను. అడుక్కున్నట్టు ఉండకూడదు. లేదు అన్న మాట రాకూడదు. సూచాయగా చెప్పినా చదివేవాళ్ళకు తెలుస్తుంది కదా. అందుకని చాలా ఆలోచించి, మర్యాదగా రెండు మాటలు రాశాను: "మా వంటపాకలో బియ్యం నిండుకున్నాయి. అంతా దైవ కృప."

రాసి తృప్తిపడ్డాను. ఆ తృప్తి తలుచుకుంటేనే ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఊళ్ళో చదివినవాళ్ళు ఇద్దరు ముగ్గురు సేరో సోలెడో తెచ్చి ఇచ్చారు. దూరాల నుంచి మాత్రం ఎవరూ పలకలేదు. ఎప్పుడూ పలికేవాళ్ళు కూడా. ఒక వారం గడిచాక, వెబ్‌సైట్‌లో జాబు రాసే చోట అతని పేరుతో ఒక కబురు కనిపించింది. అతను హిందీలో రాసి ఉంటాడు. యంత్రం దాన్ని నా కోసం తెలుగు చేసి పెట్టింది.

"సోదరీ, మీ బియ్యం నిండుకున్నాయని చూసి చాలా సంతోషించాను. మీకు ఎల్లప్పుడూ ఇలాగే ఉండాలని దేవుడిని ప్రార్థిస్తున్నాను."

నేను మళ్ళీ చదివాను. వంటక్కకు చదివి వినిపించాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"గాయననా? గింత మాట అన్నడా?" అంది. గరిటె పక్కన పెట్టి, "అనడమ్మా. ఏందో ఉన్నది ఇండ్ల" అంది.

నేను ఆ మాట చెవిన పెట్టలేదు. అక్షరాలు ఎదురుగా ఉన్నాయి. చాటలో బియ్యం మీద నేర్చుకున్న నా చదువు మీద నాకు అంత నమ్మకం. మా ఆకలి చూసి సంతోషించాడు, పైగా ఎల్లప్పుడూ ఇలాగే ఉండాలని దేవుణ్ణి అడిగాడు అని నా మనసు ఖాయం చేసుకుంది. ఎందుకు అలా అంటాడు అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కబురు చెరిపేశాను. ఆ సాయంత్రం దీపం ముందు పేర్లు చెబుతూ అతని పేరు దగ్గరికి వచ్చి, ఆగి, వదిలేసి తరువాతి పేరు చెప్పాను.

వంటక్క కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

కార్తీకంలో అతను వచ్చాడు. అప్పటికి మేము కొన్ని రోజులు గటకతో, కొన్ని రోజులు ఎవరో ఇచ్చిన రవ్వతో నెట్టుకొస్తున్నాం. వరుసలో కూర్చున్నవాళ్ళు అన్నం కోసం గిన్నె వైపు చూసి, చూడనట్టు తలలు దించుకునేవారు. అటువంటి రోజున గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. బస్తాలు నిండుగా ఉన్నాయి. నేను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"నేను లేనని చెప్పు. బియ్యం మాకు అక్కర్లేదని చెప్పు" అన్నాను వంటక్కతో.

"అన్నం మీద అలుగుతరా అమ్మా?" అంది ఆమె. "నీకు కోపం ఉంటె ఉండనియ్యి. దవాఖాన కాడ కూసున్నోళ్ళు ఏం జేసిండ్రు?"

"చెప్పు పో."

ఆమె వెళ్ళింది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"బియ్యం వద్దంటున్నది బిడ్డా అమ్మ" అంది వంటక్క.

అతను నవ్వాడు. హాయిగా నవ్వాడు.

"ఆఁ, తెలుసు తెలుసు. బియ్యం నిండుగ ఉన్నడు గదా. ఫోన్ల సూసిన. మస్తు ఖుషీ అయిన. దీదీ మంచిగ ఉన్నదా?"

"ఉన్నది."

"అయితె ఈ బియ్యం ఇంకొక జాగకు పోతడు. ఆకలి ఉన్న జాగ చెప్పు అక్కా."

నా మాట కాదనలేక వంటక్క గొంతు తగ్గించి ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఆటో చప్పుడు దూరమైంది. ఆ నవ్వు నన్ను వెక్కిరించడానికే అనుకుని, పళ్ళు బిగబట్టుకుని, తలుపు తీసి బయటికి వచ్చాను. వంటక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆ రోజు గటక ఎప్పటికంటె గట్టిగా గెలికింది.

రెండో వార్త ఆ తరువాత వచ్చింది. మా ఆడబిడ్డ సెలవుకు వచ్చి, వెబ్‌సైట్ ఎలా నడుస్తోందో చూద్దామని ఫోన్ తీసింది. ఆమెకు హిందీ బాగా వచ్చు. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"వదినా, నువ్వు బియ్యం గురించి ఏమని రాసినవు?"

"నిండుకున్నాయని."

"హిందీల 'బియ్యం నిండుగా ఉన్నాయి' అని వచ్చింది. ఇంగ్లీషుల గూడ గదే." తల ఎత్తలేదు. "దైవ కృప అని గూడ రాసినవు గద. దేవుని దయ వల్ల డబ్బాలు నిండినయని వాళ్ళకు సమజైంది వదినా. అందుకే ఎవరూ ఏం పంపలె."

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. అర్థమైన కొద్దీ ఒక్కొక్కటే వెనక్కి నడిచి వచ్చాయి. ఆ కబురు వచ్చింది. ఆ నవ్వు వచ్చింది. "ఎల్లప్పుడూ ఇలాగే ఉండాలి" అన్న మాట వచ్చింది. అతను మా డబ్బాలు నిండుగా ఉన్నాయని విని, ఎక్కడో ఊరు కాని ఊళ్ళో, పొలం గట్టు మీద కూర్చుని సంతోషించాడు. ఆ సంతోషాన్ని హిందీలో రాశాడు. యంత్రం నా మాటనే తీసుకుని నాకు తిరిగి ఇచ్చింది. మా అమ్మ నేర్పిన మర్యాద మాట, అతని నోటి నుంచి వచ్చేసరికి నాకు శాపంలా వినబడింది.

నేను ఆడబిడ్డకు అంతా చెప్పాను. కబురు సంగతి, చెరిపేసిన సంగతి, బస్తాలు తిప్పి పంపిన సంగతి. దీపం ముందు పేరు వదిలేసిన సంగతి చెప్పలేకపోయాను. వంటక్క చెప్పింది.

"పేరు గూడ తీసేసింది" అంది మెల్లగా. కోపంగా చెప్పలేదు. అది చెప్పకుండా సంగతి పూర్తి కాదని చెప్పింది.

మా ఆడబిడ్డ ఏడుపు గొంతుతో, "తప్పు నాది వదినా. మిషన్ తప్పు చెప్పదని నేనే అన్న" అంది. పాపం, ఆమె తప్పు ఏముంది? యంత్రానికి మన ఇళ్ళ మర్యాద తెలియదు. అది ఎవరి చేతా మూతి మీద దెబ్బ తినలేదు. నిండుకున్నాయి అంటే నిండాయి అనుకుంది. నాకు మాత్రం మనిషి తెలుసు. పొయ్యికి మొక్కిన మనిషి. నేను మనిషిని వదిలి అక్షరాన్ని నమ్మాను. వంటక్క చదువు రాని మనిషి కాబట్టి మనిషినే నమ్మింది.

అతని కోసం వెతికాం. ఫోన్ నంబర్ మా దగ్గర లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. హాలియాలో ఒక రైతు, మిషన్లు కోతలు ముగించుకుని కర్ణాటక దిక్కు పోయాయని చెప్పాడు. వెబ్‌సైట్‌లోనే అతని కోసం రాద్దామని ఆడబిడ్డ అంది.

"ఈసారి సాఫ్ సీదా రాయి వదినా. మిషన్‌కు సమజయ్యేటట్టు. 'అప్పుడు బియ్యం లేవు' అని రాయి."

ఫోన్ చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఆ రెండు అక్షరాలు వేళ్ళ చివరికి వచ్చి ఆగిపోతున్నాయి. చివరికి లేచి, వంటపాక దాటి, గేటు దాటి, రోడ్డు అవతల నిలబడి రాశాను. పాకకు వినబడకూడదని. వంటక్క అది చూసి నవ్వలేదు. ఆమె కూడా వచ్చి నా పక్కన నిలబడింది.

"తమ్ముడూ, ఆ రోజు బియ్యం లేవు. నువ్వు తెచ్చిన బియ్యం నేను తిప్పి పంపాను. నీ మాట తప్పుగా అర్థం చేసుకున్నాను. నన్ను క్షమించు" అని రాశాను. ఆడబిడ్డ హిందీ చదివి, ఒక్కొక్క మాటా మళ్ళీ నాకు తెలుగులో చెప్పి, సరిగ్గా ఉందని చెప్పాకే వదిలాను. ఇంగ్లీషు కూడా అలాగే చూసింది. ఇప్పుడు ఏది రాసినా ఆమె చదివాకే బయటికి పోతుంది. బియ్యం గురించి రాయాల్సి వస్తే నేను రోడ్డు అవతలికే వెళతాను. లేవు అని రాసి, లోపలికి వచ్చి, డబ్బా మీద చేయి వేసి, తప్పైందని చెప్పుకుంటాను.

నిజం రాసినప్పటి నుంచి బియ్యం మళ్ళీ వస్తున్నాయి. అన్నం పెడుతున్నాం. అందుకు దేవుడికీ, పంపినవాళ్ళకూ ఎంత దండం పెట్టినా తక్కువే. కానీ అతను రాలేదు. యాసంగి కోతలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ వానాకాలం కోతలు వచ్చాయి. వేరే మిషన్లు వచ్చాయి, వేరే మనుషులు వచ్చారు. వాళ్ళను అడిగితే, అతను మిషన్ పని వదిలేసి ఊరికి వెళ్ళిపోయాడేమో అని ఒకరు, ఇంకో రాష్ట్రంలో కోస్తున్నాడేమో అని ఒకరు అన్నారు. నా కబురు చదివాడో లేదో తెలియదు. చదవకపోతే, ఈ దేశంలో ఎక్కడో ఒక మనిషి ఇప్పటికీ మా వంటపాకలో డబ్బాలు నిండి ఉన్నాయని నమ్ముతూ, సంతోషంగా ఉండి ఉంటాడు. చదివి ఉంటే, ఆ సంతోషం కూడా నేను తీసేసినట్టు. రెండింటిలో ఏది కోరుకోవాలో తెలియక, రోజూ దీపం ముందు అతని పేరు మొదట చెప్పి, ఆగిపోతాను. వంటక్క నా వెనక అదే పేరు మళ్ళీ చెబుతుంది, నేను మరిచిపోతానేమోనన్నట్టు.

ఇది చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతాను. అతని పేరు ఇక్కడ రాయలేదు. పేరు లేకపోయినా ఫరవాలేదు. మీ ఇంట్లో బియ్యం కడిగేటప్పుడు, మొదటి నీళ్ళు తెల్లగా పొంగేటప్పుడు, అతన్ని ఒక్కసారి తలుచుకోండి. రక్తసంబంధం లేని వాళ్ళ డబ్బా నిండిందని విని సంతోషించిన కోత మిషన్ తమ్ముడు అనుకోండి. అతని ఇంట్లో బియ్యం నిండుగా ఉండాలి. ఈ మాట ఏ భాషలో చదివినా, దాని అర్థం నిండుగానే ఉండాలి.